‘సంఘం’ మాట చాటున: వాతావరణ విధానంలో వాణిజ్య సంఘాల భాష – చెరకు సీమ నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వాతావరణ మార్పుకు సంబంధించిన ప్రభుత్వ విధానాలు రూపొందేటప్పుడు కంపెనీలు నేరుగానే కాక, తాము సభ్యులుగా ఉన్న వాణిజ్య సంఘాల ద్వారా కూడా మాట్లాడుతాయి. ఆ మాటల్లో ఎవరు కర్తగా కనిపిస్తారు, ఎవరు కేవలం నిమిత్తంగా మిగిలిపోతారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. అనకాపల్లి జిల్లాలోని బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతాల చెరకు సాగును, దేశంలోని ఇథనాల్ మిశ్రమ విధానాన్ని పక్కపక్కన ఉంచి ఈ పరిశీలన సాగుతుంది. తెలుగు పర్యావరణ విమర్శ కవిత, కథలతోపాటు విధాన పత్రాలను కూడా పాఠ్యాలుగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాణిజ్య సంఘం, వాతావరణ విధానం, ఇథనాల్, చెరకు రైతు, వినతిపత్రం, పర్యావరణ విమర్శ, కారకం.

1. ప్రవేశిక

బుచ్చయ్యపేట మండలం 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. నేడు అనకాపల్లి జిల్లాలో ఉంది. చోడవరం, మాడుగుల, అనకాపల్లి పరిసరాల మాదిరిగానే ఇక్కడి రైతు జీవితానికి చాలాకాలం చెరకే కాలమానం. కర్మాగారం నుంచి కటింగ్ ఆర్డర్ ఎప్పుడు వస్తుంది, బండి ఎన్ని గంటలు వరుసలో నిలవాలి, డబ్బు ఏ నెలకు చేతికందుతుంది అన్న మూడు ప్రశ్నల మీదే పెళ్లిళ్లు, చదువులు, అప్పులు ఆధారపడేవి. ఈ ప్రాంతంలో గోవాడ, తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ అనే నాలుగు సహకార చక్కెర కర్మాగారాలు వెలిశాయి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ కర్మాగారాలు మూతపడ్డాయి. బుచ్చయ్యపేట రైతులకు దగ్గరిదైన గోవాడ కర్మాగారం కూడా ఇటీవలి సంవత్సరాల్లో బకాయిలతో, ఆగుతూ సాగిన క్రషింగ్‌తో తీవ్ర సంక్షోభంలో పడింది.

సరిగ్గా ఇదే కాలంలో చెరకు రైతు పేరు దేశ వాతావరణ విధానంలో మున్నెన్నడూ లేనంతగా వినిపించింది. పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2013-14లో సుమారు ఒకటిన్నర శాతం. అది 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. చమురు దిగుమతులు తగ్గుతాయి, కర్బన ఉద్గారాలు తగ్గుతాయి, చెరకు రైతుకు సకాలంలో డబ్బు అందుతుంది అన్నవి ఈ విధానానికి చెప్పిన మూడు ప్రయోజనాలు. మూడవ ప్రయోజనాన్ని ఎవరి పేరున చెప్పారో, ఆ రైతుల్లో ఒక భాగం ఈ సీమలో కర్మాగారం గేటు ముందు బకాయిల కోసం నిలబడి ఉంది.

ఈ వైరుధ్యానికి ఒక్క కారణం చెప్పడం సులభం కాదు. పాత యంత్రాలు, తక్కువ చక్కెర దిగుబడి, అప్పులు, నిర్వహణ లోపాలు – సహకార కర్మాగారాల పతనానికి స్థానిక కారణాలు అనేకం. వాణిజ్య సంఘాలు వీటిని మూయించాయని ఈ వ్యాసం వాదించడం లేదు. రైతు పేరున విధాన వేదిక మీద మాట్లాడుతున్నది ఎవరు, ఆ మాటను చదివే పద్ధతి మనకు ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ‘సంఘం’ – ఒకే పదం, వేర్వేరు సంస్థలు

తెలుగులో ‘సంఘం’ అన్న పదానికి గౌరవం ఎక్కువ. అనకాపల్లి సమీపంలోని బొజ్జన్నకొండ దిగువ ఊరి పేరు శంకరం. ‘సంఘారామం’ అన్న మాటే శంకరంగా మారిందని పండితుల అభిప్రాయం. ఆ బౌద్ధ సంఘంలో ఒక నిర్ణయం చేయాలంటే ప్రతిపాదనను సభ్యుల ఎదుట బిగ్గరగా చదివి వినిపించడం నియమం. మధ్యయుగంలో వర్తకుల సమూహాలను తెలుగు శాసనాలు ‘నకరము’, ‘పెక్కండ్రు’ వంటి పేర్లతో పేర్కొన్నాయి. కాకతీయుల కాలంలో ఈ వర్తక సమూహాలు తమ సరుకులపై కొంత సుంకాన్ని దేవాలయాలకు సమర్పించిన వైనం శాసనాల్లో కనిపిస్తుంది. గణపతిదేవుని మోటుపల్లి అభయ శాసనం (1244) సముద్ర వర్తకులకు ఇచ్చిన హామీని, వివిధ సరుకులపై వసూలు చేసే సుంకాల వివరాలను రాతిపై బహిరంగంగా నిలిపింది. వర్తకులు రాజును ఏమడిగారో శాసనం చెప్పదు కాని, రాజు వర్తకులకు ఏమిచ్చాడో అందరికీ కనబడేలా చెప్పింది.

ఆధునిక కాలంలో ఇదే పదం సహకార సంఘం, రైతు సంఘం, కార్మిక సంఘం, మహిళా పొదుపు సంఘం అన్న సమాసాల్లో ప్రజల పరమైంది. బలహీనులు కూడి బలం పొందే ఏర్పాటు అన్న ధ్వని దానికి స్థిరపడింది. ‘వాణిజ్య సంఘం’, ‘పరిశ్రమల సమాఖ్య’ అన్నప్పుడు కూడా చదువరి మనస్సులో ఆ ధ్వనే పలుకుతుంది. అయితే అక్కడ కూడేది బలవంతులు. పోటీదారులైన కంపెనీలు ధర విషయంలో పోటీ పడుతూనే, ప్రభుత్వ విధానం విషయంలో ఒకే గొంతుతో మాట్లాడడానికి చేసుకున్న ఏర్పాటు అది. అందులో తప్పు లేదు. ప్రజాస్వామ్యంలో ఏ వర్గమైనా తన మాట చెప్పుకోవచ్చు. చిక్కంతా ఆ మాట ఎవరిదో, ఎవరి ఖర్చుతో తయారైందో, అధికారి బల్ల మీదికి ఎప్పుడు చేరిందో బయటివారికి తెలియకపోవడంలో ఉంది.

3. రెండు నోళ్లు: ప్రపంచానుభవం

వాతావరణ విధానంపై వాణిజ్య సంఘాల ప్రభావానికి ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన ఉదాహరణ అమెరికాలోని గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్. 1989లో ఏర్పడి 2002లో రద్దయిన ఈ కూటమిలో చమురు, బొగ్గు, మోటారు వాహన పరిశ్రమల కంపెనీలు, వాటి సంఘాలు సభ్యులు. భూతాపానికి మానవ కార్యకలాపాలు కారణమన్న శాస్త్ర నిర్ధారణపై ఇది బహిరంగంగా సందేహాలు రేపింది. క్యోటో ఒప్పందాన్ని వ్యతిరేకించింది. అయితే హరితగృహ వాయువుల ప్రభావానికి గల శాస్త్రీయ ఆధారాన్ని కాదనలేమని కూటమి సొంత శాస్త్ర సలహాదారులే 1995లో అంతర్గత పత్రంలో రాసినట్లు 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించింది. లోపలి వాక్యం ఒకటి, బయటి వాక్యం మరొకటి.

తర్వాతి దశలో ఈ వ్యత్యాసం కంపెనీకీ దాని సంఘానికీ మధ్యకు మారింది. కంపెనీ తన వార్షిక నివేదికలో పారిస్ ఒప్పందానికి మద్దతు ప్రకటిస్తుంది; అదే కంపెనీ చందా కట్టే సంఘం ఉద్గార నియంత్రణలను అడ్డుకుంటుంది. మదుపుదారుల ఒత్తిడి పెరిగాక కొన్ని కంపెనీలు తమ సంఘాల వైఖరులను తామే సమీక్షించుకోవలసి వచ్చింది. 2019లో షెల్, 2020లో బీపీ అమెరికన్ ఇంధన, పెట్రోరసాయన తయారీదారుల సంఘం నుంచి వైదొలగాయి. 2021లో టోటాల్ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌ను వీడింది. వాతావరణ విధానంపై భిన్నాభిప్రాయాన్నే ఇవి కారణంగా చూపాయి.

పింగళి సూరన రాఘవపాండవీయాన్ని బోధించే మనకు ఒక్క పద్యం రెండు కథలు చెప్పడం పరిచితమే. అక్కడ నోరు ఒకటి, అర్థాలు రెండు; రెండర్థాలూ పాఠకుని ముందే ఉంటాయి. కంపెనీ, దాని సంఘం కలిసి చేసే రచనలో నోళ్లు రెండు, ప్రయోజనం ఒకటి. రెండవ నోటి మాట పాఠకుని ముందుకు రాదు. ద్వ్యర్థి కావ్యానికి వ్యాఖ్యాత కావాలి. ఈ రచనకు వ్యాఖ్యాత కంటే ముందు పాఠ్యాన్ని వెలికితీసే పరిష్కర్త కావాలి.

4. చక్కెర నుంచి జీవశక్తికి: ఒక నామాంతరం

మన దేశంలో చక్కెర పరిశ్రమకు బలమైన సంఘాలు ఉన్నాయి. ప్రైవేటు మిల్లులకు ప్రాతినిధ్యం వహించే ఇండియన్ షుగర్ మిల్స్ అసోసియేషన్ 1932లో ఏర్పడింది. విదేశీ చక్కెరపై సుంకం విధించి దేశీయ పరిశ్రమకు రక్షణ కల్పించిన చట్టం వచ్చిన సంవత్సరం కూడా అదే. సహకార కర్మాగారాలకు 1960లో ఏర్పడిన జాతీయ సమాఖ్య వేరుగా ఉంది. 2024లో మొదటి సంఘం తన పేరును ఇండియన్ షుగర్ అండ్ బయో-ఎనర్జీ మాన్యుఫ్యాక్చరర్స్ అసోసియేషన్‌గా మార్చుకుంది. ‘మిల్లు’ పోయి ‘జీవశక్తి’ వచ్చింది. చక్కెర మిల్లుల సంఘంగా అడిగే కోరిక వ్యాపార ప్రయోజనంగా వినబడుతుంది. జీవశక్తి ఉత్పత్తిదారుల సంఘంగా అడిగే అదే కోరిక వాతావరణ కార్యాచరణగా వినబడుతుంది.

ఈ పేరు మార్పుకు ముందే విధానం మారింది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం చివరి మొలాసిస్ నుంచే కాక బి-హెవీ మొలాసిస్, చెరకు రసం నుంచి కూడా ఇథనాల్ తయారీకి దారి తెరిచింది. 2030 నాటికి నిర్దేశించుకున్న 20 శాతం మిశ్రమ లక్ష్యాన్ని 2022 సవరణ 2025-26కు ముందుకు జరిపింది. 2023లో వర్షాభావం వల్ల చక్కెర ఉత్పత్తిపై ఆందోళన కలగగానే, డిసెంబరు 7న కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారీని ఆ సరఫరా సంవత్సరానికి నిలిపివేసింది. పరిశ్రమ విజ్ఞప్తుల నడుమ, డిసెంబరు 15న, 17 లక్షల టన్నుల చక్కెర మళ్లింపునకు లోబడి ఆ నిర్ణయాన్ని సడలించింది. 2024 ఆగస్టులో తదుపరి సంవత్సరానికి ఆంక్షలు ఎత్తివేసింది. విజ్ఞప్తులే సడలింపునకు ఏకైక కారణమని అనలేము. ఎనిమిది రోజుల ఆ వ్యవధిని మాత్రం గుర్తుంచుకోవాలి. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజుల్లో రైతుకు ధర చెల్లించాలి. ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ఆ పద్నాలుగు రోజులు చోడవరం ప్రాంతంలో ఎన్నోసార్లు నెలలయ్యాయి.

5. కర్త ఎవరు?

ఇథనాల్ విధాన ప్రచారంలో ఎక్కువగా వినబడిన నినాదం, అన్నదాత ఊర్జాదాత కావాలన్నది. వ్యాకరణ దృష్టితో చూస్తే ఈ వాక్యంలో రైతు ప్రథమా విభక్తిలో, కర్త స్థానంలో ఉన్నాడు. కాని ఇథనాల్ సరఫరా ఒప్పందం చూస్తే అమ్మేది డిస్టిలరీ, కొనేది చమురు మార్కెటింగ్ కంపెనీ. రైతుకు దక్కేది కేంద్రం ప్రకటించే న్యాయమైన, గిట్టుబాటు ధర. 2024-25కు 10.25 శాతం చక్కెర దిగుబడిపై క్వింటాలుకు 340 రూపాయలుగా దానిని నిర్ణయించారు. ఈ ధర చెరకులోని చక్కెర శాతానికి ముడిపడి ఉంటుంది గాని, దాని నుంచి ఎన్ని లీటర్ల ఇథనాల్ అమ్ముడైందన్న లెక్కకు కాదు. కాబట్టి నినాదంలో కర్త వేరు, ఒప్పందంలో కర్త వేరు. నినాదంలోని ‘దాత’ శబ్దం మరొక పని కూడా చేస్తుంది. అమ్ముకునేవాణ్ని దాతగా పిలిస్తే, ధర గురించి అడగడం అతనికి అనుచితంగా తోస్తుంది.

విధాన సంభాషణలో తక్కిన చోట్ల రైతు చతుర్థిలోకి జారిపోతాడు: రైతు కోసం, రైతు ప్రయోజనానికై, రైతు ఆదాయం కొరకు. సంప్రదాన కారకం కావ్యంలో గౌరవస్థానమే. దానాన్ని స్వీకరించేవాడు అక్కడ ఉంటాడు. కాని ఎప్పుడూ సంప్రదానంలోనే ఉండి, ఏ వాక్యంలోనూ అడిగేవాడుగా, ఒప్పుకోనివాడుగా కనిపించని మనిషి విధానానికి నిమిత్తమాత్రుడు. నిర్ణయించేవారు కూడా వాక్యంలో కనిపించరు. ‘లక్ష్యం ముందుకు జరపబడింది’, ‘పరిమితి సడలించబడింది’ అన్న కర్మణి వాక్యాలు ఆ పనిని సాఫీగా చేస్తాయి. తెలుగు నుడికారానికి అంతగా ఒదగని ఈ ‘బడు’ ప్రయోగాన్ని శైలీదోషంగా మాత్రమే తరగతిలో దిద్దుతున్నాం. బాధ్యుణ్ని దాచే ఉపకరణంగా కూడా దానిని గుర్తించడం అవసరం.

వాక్యంలో అసలే చోటు దొరకనిది నీరు. 2021 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు ప్రధానమంత్రి విడుదల చేసిన నిపుణుల సంఘం నివేదికే, చెరకు నుంచి ఒక లీటరు ఇథనాల్ తయారీకి సుమారు 2,860 లీటర్ల నీరు అవసరమని లెక్క చెప్పింది. దేశంలో సాగునీటిలో 70 శాతం వరి, చెరకు పంటలకే పోతున్నదని కూడా పేర్కొంది. విధానానికి ఆధారమైన పత్రంలో ఉన్న ఈ సంఖ్యలు విధాన ప్రచారంలోకి దాదాపు రాలేదు. వాహనం పొగగొట్టం దగ్గర తగ్గే ఉద్గారాన్ని లెక్కించి, పొలంలో ఖర్చయ్యే నీటిని లెక్కించకపోతే ‘హరిత’ అన్న విశేషణం వాదానికి బదులుగా నిలుస్తుంది.

ప్రతివాదాన్ని కూడా న్యాయంగా చెప్పాలి. చక్కెర అమ్ముడయ్యే దాకా ఎదురుచూడకుండా ఇథనాల్ సొమ్ము మిల్లులకు త్వరగా అందడం వల్ల దేశంలో అనేకచోట్ల చెరకు బకాయిలు తగ్గాయన్నది వాస్తవం. సొంత డిస్టిలరీ, పెట్టుబడి ఉన్న మిల్లుల రైతులు దానివల్ల మేలు పొందారు. అయితే ఈ వాదం మిల్లు నడుస్తున్నచోటే చెల్లుతుంది. మిల్లు మూతపడిన ఊళ్లో రైతు మళ్లీ గానుగ దగ్గరికి, బెల్లం పెనం దగ్గరికి, లేదా సరుగుడు తోటకు మళ్లుతాడు. జాతీయ సగటు అతణ్ని లెక్కలో చేర్చుకుంటుంది. అతని అనుభవాన్ని చేర్చుకోదు.

6. అర్జీ, వినతిపత్రం, పైరవీ

అధికారాన్ని అడగడానికి తెలుగులో ఉన్న పదాల వరుస ఆసక్తికరమైనది. సామాన్యుడు పెట్టేది అర్జీ. కొంచెం పలుకుబడి ఉన్న బృందం సమర్పించేది వినతిపత్రం. సంస్థ పంపేది విజ్ఞాపన లేదా మెమోరాండం. వ్యక్తి చాటుగా చేసేది పైరవీ. ఈ చివరి పదానికి నిందార్థం ఉంది. ఒక రైతు తన బకాయి కోసం తెలిసిన నాయకుణ్ని కలిస్తే పైరవీ అంటాం. ఒక పరిశ్రమ సమూహం మంత్రిత్వశాఖను కలిస్తే పత్రికలు ‘ప్రతినిధి బృందం భేటీ’ అని రాస్తాయి. లాబీయింగ్ అన్న మాటను తెలుగు పత్రికలు సాధారణంగా విదేశీ వార్తలకు లేదా పదవుల పంపకానికి వాడుతాయి. వాణిజ్య సంఘం నిత్యం చేసే పనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. పేరు లేని పని విమర్శకు దొరకదు.

సోమవారం కలెక్టరేట్‌లో రైతు ఇచ్చే అర్జీకి ఒక నంబరు వస్తుంది. దానిని ఎవరికి పంపారో, ఏమని పరిష్కరించారో నమోదవుతుంది. పరిష్కారం నామమాత్రం కావచ్చు. జాడ మాత్రం మిగులుతుంది. ఢిల్లీలో సంఘం ఇచ్చే మెమోరాండం ఏ బహిరంగ పట్టికలోనూ నమోదు కావలసిన నియమం మన దేశంలో లేదు. చిన్నవాడి మాట దాఖలు అవుతుంది, పెద్దవాడి మాట దాఖలు లేకుండానే అమలవుతుంది.

7. ఏడవ సూత్రం: పేరు చెప్పి మాట దాచే పట్టిక

ఈ లోపాన్ని మన నియంత్రణ వ్యవస్థ అసలు గుర్తించలేదని అనకూడదు. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన బాధ్యతాయుత వ్యాపార ప్రవర్తన మార్గదర్శకాల్లో ఏడవ సూత్రం ఈ విషయానికే కేటాయించారు: కంపెనీలు ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేసేటప్పుడు బాధ్యతతో, పారదర్శకంగా వ్యవహరించాలన్నది దాని సారం. 2021లో సెబీ ప్రవేశపెట్టిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఈ సూత్రాల ఆధారంగానే రూపొందింది. 2022-23 నుంచి మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు దీనిని తప్పనిసరిగా సమర్పిస్తున్నాయి.

ఆ పట్టికను ఒక పాఠ్యంగా చదివితే దాని నిర్మాణం తేటపడుతుంది. కంపెనీకి ఎన్ని వాణిజ్య, పరిశ్రమ సంఘాల్లో సభ్యత్వం ఉందో, వాటిలో మొదటి పది ఏవో చెప్పడం తప్పనిసరి విభాగంలో ఉంది. కంపెనీ ఏ విధాన వైఖరిని సమర్థించింది, ఏ పద్ధతిలో సమర్థించింది, ఆ సమాచారం ప్రజలకు అందుబాటులో ఉందా అన్న ప్రశ్నలు స్వచ్ఛంద విభాగంలో ఉన్నాయి. అంటే ఎవరితో కూర్చున్నారో చెప్పాలి. ఏం మాట్లాడారో ఇష్టమైతే చెప్పవచ్చు. ఆ సంఘం వైఖరి కంపెనీ ప్రకటించిన వాతావరణ లక్ష్యాలకు అనుగుణంగా ఉందా అన్న ప్రశ్న తప్పనిసరి భాగంలో లేదు. లిస్టు కాని కంపెనీలు, సహకార కర్మాగారాలు, ఆ సంఘాలు తామే ఈ పట్టికకు వెలుపల ఉన్నాయి.

8. విమర్శ చేయవలసిన పని

తెలుగు పర్యావరణ సాహిత్యం నదిని, అడవిని, కర్మాగారపు పొగను సమర్థంగా చిత్రించింది. విమర్శ కూడా ఆ చిత్రణలను విశదీకరించింది. పొగ కంటికి కనిపిస్తుంది కనుక దానిపై కవిత సాధ్యమైంది. వాతావరణ విధానం మాత్రం కాగితం మీద తయారవుతుంది. కాగితానికి పొగ ఉండదు.

అయితే కాగితాన్ని చదివే సంప్రదాయం ఉత్తరాంధ్ర సాహిత్యంలో లేకపోలేదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) కథలో అప్పల్రాముడి అప్పు తగవు ఊరి పెద్దల ఎదుట, పద్ధతి ప్రకారం, మర్యాదగా నడుస్తుంది. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాదు. ఊరి బాగు కోరినవాడే. అన్యాయం వ్యక్తి దుష్టత్వంలో కాక, ఊరి అభివృద్ధి క్రమంలోనూ, న్యాయంగా కనబడే లెక్కలోనూ ఉన్నదని ఆ కథ చూపింది. కారా మాస్టారు తగవు నడిచే తీరును చదివినట్లు మనం విధానం నడిచే తీరును చదవగలిగితే, వాణిజ్య సంఘం ప్రతినాయకుడిగా కాక ఒక ప్రక్రియగా అర్థమవుతుంది. ప్రతినాయకుణ్ని తిట్టవచ్చు, ప్రక్రియను మార్చవచ్చు.

ఆచరణలో పరిశోధకులకు మూడు పనులు సాధ్యం. మొదటిది, 2005 సమాచార హక్కు చట్టం కింద వాతావరణ, ఇంధన విధానాలపై మంత్రిత్వశాఖలకు సంఘాలు సమర్పించిన విజ్ఞాపనలను కోరి, తుది విధాన పాఠంతో పాఠభేద పరిశీలన చేయడం. తాళపత్ర ప్రతుల పరిష్కరణలో మనకు అలవాటైన పద్ధతే ఇది. రెండవది, కంపెనీల సుస్థిరత నివేదికల్లో ఏడవ సూత్రం కింది పట్టికలను ఏటేటా సేకరించడం. మూడవది, ముసాయిదా చట్టాలు, నియమాలను ముందుగా ప్రజల ముందుంచాలన్న 2014 నాటి కేంద్ర నిర్ణయం మేరకు వచ్చే ముసాయిదాలను తెలుగులోకి తెచ్చి, అభిప్రాయాలు చెప్పే గడువులోగా ఈ ప్రాంతపు రైతు సంఘాలకు అందించడం. ఈ మూడవ పని పరిశోధన కంటే అనువాదం, అనువాదం కంటే పౌరధర్మం.

9. ముగింపు

వాణిజ్య సంఘాలు ఉండరాదన్నది ఈ వ్యాసం నిర్ణయం కాదు. రైతు పేరుతో అడిగే ప్రతి కోరికా రైతుకు చదవడానికి దొరకాలన్నదే దాని నిర్ణయం. సభ్యత్వాల జాబితాతోపాటు విధాన వైఖరుల వెల్లడి కూడా తప్పనిసరి కావాలి. సంఘాలు సమర్పించే విజ్ఞాపనలకు కూడా అర్జీలాగే ఒక నంబరు, ఒక తేదీ, ఒక బహిరంగ ప్రతి ఉండాలి.

చెరకు రైతుల పిల్లలు ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో తెలుగు తరగతుల్లో కూర్చుంటున్నారు. విభక్తులు, కారకాలు వారికి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోతున్నాయి. తమ తండ్రి ఏ వాక్యంలో కర్తగా ఉన్నాడో, ఏ వాక్యంలో కేవలం ‘కొరకు’ దగ్గర ఆగిపోయాడో ఆ విద్యార్థి గుర్తుపట్టగలిగిన రోజు మన వ్యాకరణ బోధన ఈ ఊళ్లకు పనికివచ్చినట్లు.